పలక మీద పసుపు

మా ఊళ్ళో మొదటిసారి ఎండతో దీపం వెలిగింది మా ఇంట్లోనే. పుంగనూరు దగ్గర మెట్ట ఊరు మాది, అప్పటికింకా కరెంటు స్తంభాలు రాలేదు. 1985లో ప్రభుత్వం వాళ్ళు నమూనాకని ఒక సోలారు పలక, బేటరీ, ట్యూబులైటు ఇచ్చారు. ఇంటి తరఫున ఒకరు బాధ్యత తీసుకుని సంతకం పెట్టాలన్నారు. మా ఇంట్లో పదో తరగతి చదివింది అమ్మ ఒక్కతే. పెట్టింది. ఆ సంతకంతోనే ఆమె కాళ్ళు కట్టేశారు.

అమ్మ పేరు కౌసల్య, పుట్టిల్లు కుప్పం. పలక తుడవడం, బేటరీ మూతలు తీసి గీత వరకు డిస్టిల్డు వాటరు పోయడం ఆఫీసరు ఒక్కసారి చూపిస్తే చాలు, పట్టేసింది. మొదట్లో ఎంత మురిసిపోయిందో! "కోడలంటే ఈమేనప్పా" అని ఊరంతా అంటుంటే మా తాత గోవిందప్ప మీసం దువ్వాడు. తర్వాత ఆమె పుట్టింటికి పోతానంటే అదే తాత, "నువ్వు పోతే బేటరీ ఎవురు సూస్తారు?" అనేవాడు. నాన్న నోరెత్తేవాడు కాదు. ఏడాదిపాటు అమ్మ కుప్పం మొహం చూడలేదు. తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

మరుసటేడు దసరా ముందు మదనపల్లె నుంచి కార్డు వచ్చింది. బాలవాడి టీచరు ట్రైనింగుకు ఇంటర్వ్యూ, దసరా అయినాక వచ్చే సోమవారం పొద్దున పదింటికి. అమ్మ ఎవరికీ చెప్పకుండా పెట్టుకున్న దరఖాస్తుకు జవాబు అది. తాత కార్డు తిప్పి చూసి, "దీపాన్ని యాడ వదిలేసి పోతావమ్మా?" అన్నాడు. అంతటితో మాట అయిపోయింది.

ఆయుధ పూజ నాడు మా అవ్వ రత్నమ్మ దున్నే మడకకు, కొడవళ్ళకు పసుపు పూసి, మిగిలింది తీసుకుని మిద్దెక్కింది. పలక అద్దమంతా పసుపు మెత్తి, పైన కుంకుమ బొట్లు పెట్టింది. అమ్మ చూస్తూనే ఉంది. అద్దం మూసుకుపోతే బేటరీకి ఛార్జి ఎక్కదని ఆమెకు తెలుసు. అయినా కిక్కురుమనలేదు. దీపం ఆరిపోతే ఇక కాపలా ఎందుకు, నన్ను వదిలేస్తారు అనుకుంది. పిచ్చిది!

మూడో రోజుకు దీపం గుడ్డిగా వెలిగి ఆరిపోయింది. అమ్మ సంతోషం పట్టలేక ఆదివారం పెట్టె సర్దుకుంది. తాత వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"దీపం సూసేదానికి రేపు పుంగనూరు నుంచి ఆఫీసరు వస్తాండాడు. సంతకం పెట్టినోళ్ళు ఇంట్లో ఉండాలంట. యాడికీ కదలొద్దు."

సోమవారం ఏడింటి మదనపల్లె బస్సు హారను కొట్టుకుంటూ పోయింది. పదింటికి అమ్మ మిద్దె మీద, ఆఫీసరు పక్కన నీళ్ళ చెంబు పట్టుకుని నిలబడి ఉంది. ఆయన పసుపంతా తుడిచి, "ఇంతేనమ్మా! రెండు రోజులు ఎండ తగిలితే మళ్ళీ వెలుగుతుంది" అని నవ్వాడు. తాత సంబరపడిపోయాడు.

అందరూ దిగాక అవ్వ అమ్మను ఆపింది.

"నీకు ముందే తెల్సు గదా?"

అమ్మ తలూపింది.

"ఒక్క మాట సెప్పింటే నేనే తుడిచేదాన్ని గదే. ఆ నీళ్ళు పోసేది నేర్పించింటే నేనే సూసుకుండేదాన్ని. నిన్ను పొమ్మనేదాన్ని." అవ్వ అమ్మ చేతిలోని చెంబు తీసుకుంది. "యాల అడగలేదే నన్ను?"

ఆ మధ్యాహ్నమే అమ్మ అవ్వ చేతికి సీసా ఇచ్చి, గీత వరకు నీళ్ళు పోయడం నేర్పింది. మదనపల్లె నుంచి మళ్ళీ కార్డు రాలేదు.