రెండువందల యాభై మీటర్లు పడమరకి

పెదనాన్న పోయారని అమ్మ ఫోన్ చేసేసరికి నేను బిష్టుపూర్ బజార్లో ఆటో కోసం నిలబడి ఉన్నాను. ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. నేను అబద్ధం ఆడలేదని చెప్పగలిగిన ఒకే ఒక్క మనిషి ఆ మాట చెప్పకుండానే వెళ్ళిపోయారు. మూడేళ్ళపాటు మా ఇంటికి నాలుగు గుమ్మాల అవతలే ఉండి కూడా చెప్పలేదు.

మన తెలుగు సంఘం వాళ్ళు పత్రికకి ఆయన గురించి నాలుగు మంచి ముక్కలు రాయమన్నారు. “ఆయనతో ఆ డబ్బాల ఆట ఆడినదానివి, నీకే బాగా తెలుసు కదమ్మా” అన్నారు. తెలుసు. అందుకే మంచి ముక్కలతో పాటు మిగతావీ రాస్తున్నాను.

ఆయన ముప్పై ఏళ్ళు కార్ఖానా సర్వే విభాగంలో పనిచేశారు. ఎక్కడ షెడ్డు లేవాలో, ఎక్కడ రైలు పట్టా మలుపు తిరగాలో మేకు కొట్టి చూపించిన మనిషి. రిటైరయ్యాక కొలవడానికి ఏమీ మిగల్లేదు కాబట్టి పెద్దమ్మని కొలవడం మొదలుపెట్టారు. వాకిట్లో ముగ్గు చూసి “ఆ గీత రెండు వేళ్ళ మందం వంకరే” అనేవారు. ఆవిడ చెరిపి మళ్ళీ పెట్టేది. నేనైతే ముగ్గు గిన్నె ఆయన చేతికే ఇచ్చేదాన్ని. ఆ సంగతి ఆయనకీ తెలుసు, అందుకే నేనంటే పడేది కాదు. “బీయస్సీ చదివింది గాని దీనికి ఉత్తరవేటో దచ్చినవేటో తెల్దు” అని వచ్చినవాళ్ళందరికీ చెప్పేవారు.

ఒకసారి కోల్‌కతా వెళ్ళి ఓడల సామాన్లు అమ్మే దుకాణంలోంచి చేతిలో పట్టే జీపీఎస్ తెచ్చుకున్నారు. సబ్బుపెట్టెకన్నా కాస్త పెద్దది. ఆకాశం కనిపించే చోట నిలబడితే ఆ చోటి అక్షాంశ రేఖాంశాల అంకెలు చూపిస్తుంది. అప్పటికే మా ఊళ్ళో ఏడుగురం ఒక ఆట ఆడుతున్నాం. ఒకరు ఓ డబ్బా ఎక్కడో దాచి దాని అంకెలు ఇంటర్నెట్‌లో పెడతారు. మిగతావాళ్ళు సైబర్ కేఫ్‌లో ఆ అంకెలు రాసుకుని, యంత్రం పట్టుకుని వెతుకుతారు. దొరికితే డబ్బాలోని నోట్‌బుక్‌లో పేరు రాసి, డబ్బాని ఉన్నచోటే పెట్టి రావాలి. నాకు యంత్రం లేదు. ఎవరు అరువిస్తే వాళ్ళదే.

యంత్రం పట్టుకోవడం నేర్పింది పెదనాన్నే. మేడమీద నన్ను ఎండలో నిలబెట్టి, “సుచ్చి నొక్కీసి పరిగెత్తకే. దాన్ని ఆకాశంలో దాని సుట్టాల్ని ఎతుక్కోనీ” అనేవారు. సుట్టాలంటే ఉపగ్రహాలు. గుట్టలమీదికి వెళితే ఇరవై అడుగులకోసారి వెనక్కి తిరిగి చూడమనేవారు. “వచ్చేటప్పుడు దారికి మొహం ఏరు, ఎల్లేటప్పుడు మొహం ఏరు.” నేను ఇప్పటికీ అలాగే తిరిగి చూస్తాను. ఆయన దగ్గర నేర్చుకున్నదాన్ని కాదనను.

ఒకరు దాచింది వెతకడానికి మాత్రం ఆయన ఒప్పుకునేవారు కాదు. “ఎతకడం కుర్రోల్ల పని. పెట్టడం నా పని.” గోవింద్‌పూర్ అవతల రాళ్ళగుట్ట మీద ఒక టిఫిన్ డబ్బా దాచారు. రెండు నెలలైనా ఎవరికీ దొరకలేదు. ఆయన సంతోషానికి అంతులేదు. ఆదివారం వరండాలో కూర్చుని, “కళ్ళున్నోడు ఒక్కడూ లేడు ఈ ఊళ్ళో” అనేవారు.

నాకు అనుమానం వచ్చింది. ఆటలో తెలుగు అర్థమయ్యే హిందీ కుర్ర ఇంజినీరు ఒకడున్నాడు. అతని యంత్రం తీసుకుని, పెదనాన్నదీ అడిగి, రెండూ మేడమీద పిట్టగోడ మీద పక్కపక్కన పెట్టాను. పావుగంట ఆగాను. ఒకే చోట కూర్చున్న రెండు యంత్రాలు రెండు వేరు వేరు అంకెలు చూపించాయి. ఆయన యంత్రం సెట్టింగుల్లో వెతికితే సంగతి తేలింది. ఆయన తన యంత్రాన్ని మన పాత సర్వే పటాల కొలతకి తిప్పి పెట్టుకున్నారు. ఆ పటాలే ఆయనకి వేదం. లోకమంతా ఉపగ్రహాల కొలతలో వెతుకుతోంది. భూమిని ఒక్కో కొలత ఒక్కోలా లెక్కకడుతుంది. మా ఊళ్ళో ఆ తేడా దాదాపు రెండువందల యాభై మీటర్లు. అంటే అందరూ వెతికే చోటికి అంత పడమరగా, కాస్త ఉత్తరానికి ఉండాలి డబ్బా.

ఒక్కదాన్నే వెళ్ళాను. వాగు దాటితే రెండు బండల మధ్య సందులో ఉంది. నోట్‌బుక్ మొదటి పేజీలో పేరు, టైము, ఎంత దూరం తప్పిందో కూడా రాసి, డబ్బా అక్కడే పెట్టి వచ్చాను.

ఆదివారం వరండాలో ఇంజినీరు, ఇంకో ఇద్దరు ఉండగానే చెప్పాను. ఆ తొందర నాదే.

“పెదనాన్నా, మీ అంకె తప్పు.”

“ఏటన్నావు?”

“డబ్బా పడమరకి రెండువందల యాభై మీటర్లుంది. దొరికింది నాకు. మీ మెషీన్లో పాత కొలతుంది.”

“నాను గొలుసట్టుకుని ఈ ఊరు కొల్సినప్పుడు నీ ఉపగ్రహం ఎక్కడుందే?”

ఇంజినీరు నవ్వాడు. ఎవరిని చూసి నవ్వాడో నాకు తెలియదు. పెదనాన్న మాత్రం తనని చూసే అనుకున్నారు. టీ గ్లాసు కింద పెట్టి, “వచ్చే ఆదివారం అందరం ఎల్దాం. ఎవుల్ది తప్పో గుట్టే సెప్తాది” అన్నారు.

వెళ్ళాం. ఆయన గుట్ట ఎక్కలేదు. మోకాళ్ళు లాగుతున్నాయంటూ కింద టీ బడ్డీ దగ్గర కాళ్ళు చాపుకుని కూర్చున్నారు. నేను ముందు నడిచి బండల సందు చూపించాను. ఎండుటాకులు తప్ప ఏమీ లేవు. తర్వాత ఇంజినీరు తన యంత్రం పట్టుకుని సరిగ్గా పెదనాన్న అంకెల మీదికి నడిచాడు. అక్కడ ఒక రాయి కింద టిఫిన్ డబ్బా ఉంది. అందులో కొత్త నోట్‌బుక్. మొదటి పేజీ తెల్లగా ఉంది.

“దీదీ, ఝూఠ్ క్యోఁ బోలీ?” అన్నాడు అతను, అబద్ధం ఎందుకు చెప్పావని. అడిగిన తీరులో కోపం కూడా లేదు. జాలి ఉంది. అదే ఎక్కువ మండింది.

కిందికి దిగాక పెదనాన్న వాళ్ళని అడిగారు, “దొరికిందా?” అని. నావైపు చూడలేదు. “అంకె అబద్దమాడదు. నిల్చున్నోల్లే ఆడతారు” అన్నారు, టీ ఊదుకుంటూ.

ఇంజినీరే అందరి లెక్కా పెట్టేవాడు. నాకు అంతకుముందు దొరికినవన్నీ కూడా అనుమానమే అని నా పేరు తీసేశాడు. అందరూ నన్ను ఆటకి పిలవడం మానేశారు. మా ఇళ్ళలో నా పేరే మారిపోయింది. పెళ్ళికి వెళితే ఒక అత్త, “ఏవే పడమరా, బువ్వ ఎటేపు పెడతన్నారో తెలుసా?” అనేది. అందరూ నవ్వేవారు. పెదనాన్న విస్తరి వైపు చూస్తూ తినేవారు. ఒకసారి వీధి కుళాయి దగ్గర ఎదురుపడి, “మీరే మార్చారు కదా?” అని అడిగాను. “బాల్టీ పొర్లిపోతంది సూసుకో” అన్నారు. ఆ తర్వాత మేం మాట్లాడుకోలేదు.

పదకొండో రోజు వెళ్ళాను. అందరూ ఆయన ఎంత ఖచ్చితమైన మనిషో చెప్పుకుంటున్నారు. పెద్దమ్మ నన్ను లోపలి గదిలోకి పిలిచి, చుట్టలు చుట్టిన పటాల వెనకనుంచి ఒక నోట్‌బుక్ తీసి చేతిలో పెట్టింది. మొదటి పేజీలో నా పేరు, టైము. దాని కింద ఆయన పెన్సిలు లెక్క, అచ్చులాంటి అంకెల్లో, పేజీ నిండా. చివర నేను రాసిన రెండువందల యాభై మీద ఒక్క గీత కొట్టి, పక్కన రెండువందల యాభై అయిదు అని దిద్దారు.

“మీరందరూ గుట్టకెల్లే ముందు శనారం తెల్లారి కత్తట్టుకుని ఎల్లేరు. పొద్దు గూకేక వొచ్చేరు” అంది పెద్దమ్మ. “మోకాళ్ళు గుమ్మిడికాయల్లా అయిపోనాయి. ఉప్పు కాపడం పెట్టేను. ఎక్కడికెల్లేరంటే, తప్పు దిద్దడానికన్నారు.”

“అంకె మార్చుకుంటే అయిపోయేది కదా. నలుగురిలో నన్ను…”

“ముప్పై ఏళ్ళు ఆయన్ని తప్పన్నోడు లేడే. నువ్వన్నావు. అదీ మందిలో.”

“మరి ఇదెందుకు దాచారు? చింపి పారేయొచ్చు కదా.”

“నానూ అదే అన్నాను. సర్వే బుక్కులో పేజీ సింపితే నౌకరీ పోతాదన్నారు. రిటైరై ఆరేళ్ళయిందయ్యా అన్నాను. పటాల ఎనక్కి తోసీసేరు.”

సంఘం పత్రికలో ఇదంతా రాస్తానన్నాను. వద్దంది, పోయిన మనిషి కదా అంది. నేను నోట్‌బుక్ సంచిలో పెట్టుకున్నాను. గుమ్మం దాకా వచ్చి, “రాత్తే ఆ మోకాళ్ళ సంగతి కూడా రాయి” అంది.

రాశాను. ఇంజినీరుకి పేజీ చూపించాను. “ఛోడో దీదీ, తీన్ సాల్ హో గయా” అన్నాడు. మూడేళ్ళయింది, వదిలెయ్యమని. వదలనన్నాను. నా పేరు మళ్ళీ ఎక్కించాడు. పెదనాన్నని నేను ఇంకా క్షమించలేదు. క్షమించానని రాస్తే ఈ పత్రికకి బాగుంటుంది గాని, అది అబద్ధం.

మొన్న ఆదివారం గుట్ట ఎక్కాను. బండల సందు దగ్గర నిలబడి తూర్పుకి తిరిగితే, ముళ్ళపొదల్లోంచి ఒక దారి కనిపించింది. మనిషి పట్టేంత వెడల్పు. గుట్టమీద ఏ దారీ అలా ఉండదు, బండ వస్తే పక్కకి పోతుంది, చెట్టు వస్తే వంగుతుంది. ఇది వాగులోకి సూటిగా దిగి, అవతల గట్టు సూటిగా ఎక్కి, దారం పట్టినట్టు, ఆవేళ ఇంజినీరుకి డబ్బా దొరికిన రాయి దాకా పోయింది. డబ్బా పట్టుకుని చుట్టూ తిరిగి వెళితే గంట పని. ఆయన పొదలు నరుక్కుంటూ గీత మీదే వెళ్ళారు.

అటువైపునుంచి ఆడవాళ్ళు వస్తున్నారు, నెత్తిమీద విస్తళ్ళు కుట్టే సాలాకుల మోపులతో, ఒకరి వెనక ఒకరు. ఈ దారి ఎవరు వేశారని ముందు నడిచే ఆవిణ్ణి హిందీలో అడిగాను. తెలియదంది. దగ్గర దారి, అందుకే ఇటు నడుస్తామంది. వాగు దగ్గర మోపులు ఒకటొకటిగా కిందికి మునిగి, మళ్ళీ ఒకటొకటిగా ఇవతలి గట్టు మీద పైకి తేలాయి.