నా జేబులో ఉన్న కాగితం

ఎనిమిదేళ్లుగా ఒక మాట నా గొంతులో అడ్డం పడి ఉంది. మింగుడు పడదు, బయటికి రాదు. పేరు చెప్పను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. ఆ ధైర్యంతోనే రాస్తున్నాను. ఉప్పల్‌కీ నాచారానికీ మధ్య ఒక కాలనీలో, రెండో అంతస్తులో, భార్యతో, కూతురితో ఉంటున్న మామూలు ఉద్యోగిని. నన్ను చూసి భయపడేవాళ్లెవరూ లేరు. నేనే భయపడతాను. బీరువా తలుపు చప్పుడైతే భయం. ఇంట్లో ఎవరైనా ఛాతీలో మంట అంటే భయం. ఉప్పల్‌లో ఒక సందు ఉంది, అందులో ఒక డాక్టరు ఉన్నాడు. ఆ సందు తప్పించుకోవడానికి ఎనిమిదేళ్లుగా చుట్టు తిరిగి ఇంటికొస్తున్నాను. ఒకసారి పద్మకు జ్వరం వస్తే దగ్గర్లో ఉన్న ఆ డాక్టరును వదిలేసి తార్నాక దాకా తీసుకెళ్లాను. మంచి డాక్టరని చెప్పాను.

పద్మ నా భార్య. వాళ్లది విజయనగరం వైపు. చిన్నప్పుడే వాళ్ల నాన్న ఉద్యోగం మీద ఉప్పల్ వచ్చి స్థిరపడ్డాడు. మాది ఘట్‌కేసర్ దగ్గర పల్లె. ఇష్టపడి చేసుకున్నాం. మా అమ్మ ఒప్పుకుంది, మా అక్క ఒప్పుకోలేదు. ఇది చెప్పకపోతే మిగతాది మీకు అర్థం కాదు.

ఇన్నాళ్లూ రాయనివాణ్ని ఇప్పుడెందుకు రాస్తున్నాను? పోయిన నెల తెలంగాణ వచ్చింది. కాలనీలో పటాకులు కాల్చారు. అక్క మిఠాయి డబ్బాతో వచ్చింది. పద్మ నోట్లో లడ్డూ పెట్టి, నవ్వుతూనే అంది.

"ఇగ మీది మీకు, మాది మాకు. మా అమ్మను మాత్రం మీ సముద్రం కాడనే పోగొట్టుకుంటిమి."

పద్మ ఆ లడ్డూ మింగి, మంచినీళ్లు తెస్తానని వంటింట్లోకి పోయింది. చాలాసేపు రాలేదు. నేను టీవీ చూస్తున్నట్టు కూర్చున్నాను. ఆ మాటకు జవాబు చెప్పాల్సింది నేను ఒక్కణ్నే. ఈ లోకంలో ఇంకెవరూ చెప్పలేరు. చెప్పానా? రిమోట్ తీసుకుని సౌండు పెంచాను.

నేను పని చేసేది కేంద్ర ప్రభుత్వ సంస్థలో. మా వాళ్లకు ఎల్టీసీ అంటే ఎంత మోజో బయటివాళ్లకు తెలియదు. నాలుగేళ్లకోసారి ఆఫీసు ఖర్చుతో, కుటుంబంతో దేశంలో ఎక్కడికైనా వెళ్లి రావచ్చు. ఆ గడువులో వెళ్లకపోతే ఇంకో ఏడాది గ్రేసు ఇస్తారు. అదీ దాటితే పోయినట్టే. వెళ్లొచ్చినవాళ్లు గవ్వలు తెచ్చి టేబుల్ మీద పెట్టుకుంటారు, నెల రోజులు అవే కబుర్లు. నా గ్రేసు ఆ డిసెంబరుతో అయిపోతోంది. విశాఖపట్నానికి నాలుగు టికెట్లు తీశాను. నాకు, పద్మకు, అప్పటికి ఎనిమిదేళ్ల మా కూతురు చిన్నికి, మాతోనే ఉండే అమ్మకు. అమ్మ అప్పటిదాకా సముద్రం చూడలేదు. నేనూ చూడలేదు.

ప్రయాణం ఇంకా పది రోజులుందనగా అమ్మ మా మెట్ల మీదే ఆగిపోయింది. ఛాతీ పట్టేసినట్టుంది అంది. పద్మ స్కూల్లో ఉంది, తను టీచరు. నేనే ఆ సందులో డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన పరీక్షలు చేసి, అమ్మను బయట కూర్చోబెట్టి, నన్ను లోపలికి పిలిచాడు. గుండె రక్తనాళాల్లో అడ్డు ఉన్నట్టుంది, ఈ వారంలోనే పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి, అప్పటిదాకా మెట్లెక్కనివ్వద్దు, ప్రయాణం అసలే వద్దు అన్నాడు. అదే కాగితం మీద ఇంగ్లీషులో రాసి, కింద గీత గీసి ఇచ్చాడు.

బయటికొచ్చి అమ్మకు గ్యాస్ అని చెప్పాను. సాయంత్రం పద్మకూ అదే చెప్పాను.

ఎందుకు చెప్పాను? చాలా ఏళ్లు నాకు నేను ఒక కథ చెప్పుకున్నాను. పాపం అమ్మ సముద్రం చూడాలని ఆశపడింది, ఆ ఆశ చంపడం ఇష్టం లేక దాచాను అని. అబద్ధం. అమ్మకు ఆ ఆశ ఉందో లేదో నేనెప్పుడూ అడగలేదు. ఆశ నాది. సెక్షన్లో అందరికీ చెప్పేశాను, లీవు మంజూరైంది, కొత్త బ్యాగు కొన్నాను. నాలుగు రోజులే కదా, వచ్చాక చూపిద్దాంలే అనుకున్నాను. అంతే. ఇంతకంటే పెద్ద కారణం ఎంత వెతికినా దొరకలేదు.

భీమిలి పద్మ ఎంచుకుంది. చిన్నప్పుడు వాళ్ల పెద్దమ్మతో వచ్చేదట. పొద్దున్నే విశాఖ నుంచి సముద్రం పక్కగా బస్సు. చిన్ని కిటికీ వదల్లేదు. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, గిన్ని నీళ్లు ఏడికెల్లి వచ్చినయని నన్ను రెండుసార్లు అడిగింది. నేను నీళ్లు చూడలేదు. అమ్మ ఊపిరి చూస్తున్నాను. కాగితం ఇంట్లో పెడితే పద్మ కంట పడుతుందని చొక్కా జేబులో పెట్టుకున్నాను. బస్సు కుదిపినప్పుడల్లా నా చెయ్యి జేబు మీదికి పోయేది.

ఊరి వెనక కొండ ఉంది. కొంత దూరం మెట్లెక్కితే నరసింహస్వామి గుడి. ఇంకా పైకి పోతే ఎప్పటివో బౌద్ధుల ఇటుక గోడలు, రాతిలో తొలిచిన నీటి తొట్లు. కింద నుంచి చూసి పోదామన్నది మా ఆలోచన. కానీ నరసింహస్వామి అన్న మాట చెవిన పడగానే అమ్మ చెప్పులు విప్పేసింది. మాకు యాదగిరిగుట్ట స్వామి ఇంటి దేవుడు. ఏడాదికోసారి అమ్మ గుట్ట మీదికి కాలినడకనే, చెప్పుల్లేకుండానే ఎక్కేది. బస్సులో పైకి పోయేవాళ్లను చూసి, అదేం మొక్కు అని మూతి విరిచేది. ఏ ఊళ్లో అయినా ఆయన ఆయనే కదా.

పద్మ మెట్ల వైపు చూసి, నన్ను పక్కకు పిలిచింది.

"ఏవండీ, అత్తయ్య ఎక్కగలరంటారా? కింద నుంచే దండం పెట్టించేద్దామా?"

"ఎక్కుతది. యేటేటా గుట్ట ఎక్కుత లేదా?"

ఇవి నా మాటలు. అక్షరం మార్చకుండా రాశాను. అప్పుడు ఆపాలంటే ఎందుకో చెప్పాలి. చెబితే, తెలిసీ రైలెక్కించావా అంటారు. ఒక అబద్ధం కాపాడడానికి అమ్మను కొండ ఎక్కనిచ్చాను. పద్మ నా మాట నమ్మి, అమ్మ చెయ్యి పట్టుకుంది.

సగం మెట్లలో అమ్మ కూర్చుంది. చిన్ని ముందుకు పరిగెత్తితే పద్మ వెనక పోయింది. మేమిద్దరమే మిగిలాం. అమ్మ నుదుటి మీద చెమట. డిసెంబరు చలిలో చెమట.

"నిజం జెప్పు కొడుకా. ఆ డాక్టరు నిన్ను లోపలికి పిలిచి ఏమన్నడు?"

"గ్యాస్ అన్నడమ్మా. కారం తక్కువ తినమన్నడు."

"గంతేనా?"

"గంతే."

"అయితే పా. సదువుకున్నోనివి, నువ్వు జెప్పినంక నాకేం ఫికరు."

నా భుజం పట్టుకుని లేచింది. ఆమె చెయ్యి కాగితం ఉన్న వైపే పడింది.

అమ్మకు అనుమానం ఉందా? తెలిసే నాకు అవకాశం ఇచ్చిందా? ఉందనుకుంటే నాకు కొంచెం తేలిక. అందుకే అలా అనుకోవడం మానేశాను.

గుడి చూశాక పైదాకా కూడా వచ్చింది. సన్యాసులు ఉన్న గదులట, గోడలు మోకాలెత్తున మిగిలాయి. ఇవేంది, మన కాలనీల సింగిల్ రూం కిరాయి ఇండ్ల లెక్కున్నయని అమ్మ అంటే పద్మ పడీ పడీ నవ్వింది. అత్తాకోడళ్లు అలా నవ్వుకోవడం అదే ఆఖరు. నేను నవ్వలేదు. దిగడానికి ఎన్ని మెట్లున్నాయో లెక్కపెడుతున్నాను.

దిగాం. ఏమీ కాలేదు. భోజనం చేశాం. నాకు ప్రాణం లేచొచ్చింది. డాక్టర్లు ఊరికే భయపెడతారు అనుకున్నాను. మూడు గంటలకు ఒడ్డుకు పోయాం. అమ్మ చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని నీళ్లలో నిలబడింది. దోసిట్లో నీళ్లు తీసుకుని నాలుకకు తాకించి, ఉప్పగా ఉందని మొహం చిట్లించింది. తర్వాత ఇసుకలో కూర్చుంది. కాసేపటికి పద్మ చెయ్యి పట్టుకుని, జర పట్టుకో బిడ్డా అంది. పక్కకు ఒరిగిపోయింది.

ఇక్కడిదాకా రాసి పెన్ను పక్కన పెట్టాను. ఇక్కడితో ఆపేద్దామనుకున్నాను. ఇంతవరకు చెప్పినా ఒప్పుకున్నట్టేగా? కాదు. పైన డాక్టరు గురించి రాసినప్పుడు ఒకటి వదిలేశాను.

ఆయన మాత్రలు కూడా రాశాడు. నొప్పి వస్తే వెంటనే నాలుక కింద పెట్టాలి, ఒక్క క్షణం ఆలస్యం చెయ్యొద్దు అన్నాడు. కొన్నాను. ఆ మాత్రల పట్టీ కాగితంతో పాటే నా జేబులో ఉంది.

అమ్మ ఒరిగినప్పుడు నా చెయ్యి జేబు మీదికి పోయింది. అక్కడే ఆగింది. ఎదురుగా పద్మ. తీస్తే చూస్తుంది. ఇవెక్కడివి, ఎప్పుడు కొన్నారు అంటుంది. ఆ నిమిషంలో అమ్మ మొహం కంటే ఆ ప్రశ్నే నన్ను ఎక్కువ భయపెట్టింది. ఆటో పిలువు అని పద్మను పంపాను. చిన్నిని తీసుకుని ఇసుకలో పడుతూ లేస్తూ పరిగెత్తింది. ఆమె రోడ్డు చేరి, ఇక ఇటు చూడదని తెలిశాక, అప్పుడు మాత్ర తీసి అమ్మ నాలుక కింద పెట్టాను. అమ్మ కళ్లు తెరిచే ఉన్నాయి. మాత్రను చూసింది. నన్ను చూసింది.

ఎంతసేపు ఆలస్యం చేశాను? రెండు నిమిషాలా? ఐదా? ఆ ఇసుక నుంచి రోడ్డుకు ఉన్నంత దూరం మా ఇంటి దగ్గర ఎన్నిసార్లు నడిచి చూసుకున్నానో. ముందే వేస్తే బతికేదా? తెలియదు. అడగాలంటే ఏ డాక్టరుకైనా మొత్తం చెప్పాలి. ఆసుపత్రి చేరకముందే, ఆటోలో, పద్మ ఒళ్లో అమ్మ పోయింది.

ఇంటికి తెచ్చాక అక్క అందరి ముందూ అడిగింది, మా అమ్మను గుట్ట ఎవరు ఎక్కించిన్రు అని. పద్మ ఏడుస్తూ, నేనే చెయ్యి పట్టుకుని ఎక్కించాను వదినా అంది. ఎక్కుతది అన్న నా మాట ఆమె చెప్పలేదు. నన్ను కాపాడిందో, నిజంగా తనదే తప్పనుకుందో. నేను నోరు తెరవలేదు. అందరూ నన్ను ఓదార్చారు.

అప్పటినుంచి పద్మ సముద్రం వైపు పోలేదు. విశాఖలో సొంత పెద్దమ్మ కూతురి పెళ్లికీ పోలేదు. ప్రతి ఏడాదీ అమ్మ తిథినాడు ఫొటోకు దండ వేసి, చిన్న గొంతుతో, క్షమించండి అత్తయ్యా అంటుంది. నేను పక్కనే అగరొత్తులు వెలిగిస్తూ వింటాను. ఇప్పటికి ఏడు సార్లు విన్నాను.

అమ్మను కొండ ఎక్కించింది పద్మ కాదు. నేను. మాత్ర ఉండీ వెంటనే ఇవ్వనిది నేను. ఈ రెండు మాటలు రాయడానికి ఇంత రాయాల్సి వచ్చింది. క్షమించమని అడగడం లేదు, అడిగే చోటు లేదు. కానీ రాశాక ఊపిరి కొంచెం లోపలిదాకా పోతోంది. అది దాచడం కూడా అబద్ధమే అవుతుంది.

ఆ కాగితం చించలేకపోయాను. ఇవాళ బీరువా అడుగు నుంచి తీశాను. దాని మీద మాత్రల పట్టీ పెట్టాను. పదింట్లో ఒక గుంట ఖాళీ, తొమ్మిది అలాగే ఉన్నాయి. రెండూ ఈ నోటుబుక్కు పక్కనే, టేబుల్ మీద ఉన్నాయి. పద్మకు ఇంగ్లీషు బాగా వచ్చు. వంటింట్లో టీ వడగడుతున్న చప్పుడు వినిపిస్తోంది. గాజులు ఇటే వస్తున్నాయి.  కాగితం మీద చెయ్యి పెట్టలేదు.