నడుముకు కట్టిన తువ్వాల

ఆ రోజుల్లో మెడలో విజిల్ వేసుకుంటే చాలు, లోకంలోని ఆటలన్నీ వచ్చేసినట్టే అనుకునేవాణ్ణి. ఇబ్రహీంపట్నంలో ఒక బడికి కొత్తగా పీఈటీగా చేరాను. నాకు వచ్చింది క్రికెట్టు (అదీ గల్లీ క్రికెట్టు), నేర్పమన్నది సాఫ్ట్‌బాల్. ఫోన్‌లో నాలుగు వీడియోలు చూసి, బీరువా అద్దం ముందు చపాతీ కర్ర ఊపుతూ సాధన చేశాను. "నౌకరి వచ్చినంక గిట్లయిండేంది వీడు?" అని మా అమ్మ హడలిపోయింది.

జట్టులో ఒకమ్మాయిని అందరూ చేపపిల్ల అనేవాళ్లు. వాళ్ల బాపుతో కలిసి పెద్ద చెరువులో వల విసిరేది. బ్యాటు పట్టినా అంతే. ముందు నడుము గిర్రున తిరిగేది, దాని వెనక చేతులు వచ్చేవి, బంతి ప్రహరీ అవతల పడేది. నాకేమో అది చూస్తే ఒళ్లు మండేది. "బ్యాటింగ్ చేస్తున్నవా, బతుకమ్మ ఆడుతున్నవా? నడుం కదలద్దు!" అని అరిచేవాణ్ణి. అయినా కదులుతోందని, నా తువ్వాల ఇచ్చి, తోటి పిల్లలతో ఆమె నడుమును వాలీబాల్ స్తంభానికి కట్టించాను. పదిహేను రోజులు అదే సాధన. (ఆ తెలివికి నన్ను నేనే మెచ్చుకున్నాను కూడా.)

జిల్లా ఎంపికలు వచ్చాయి. ఎంపికైతే క్రీడా హాస్టల్‌లో సీటు. లేకుంటే పదో తరగతితో చదువు బంద్ అని వాళ్ల బాపు ముందే చెప్పేశాడు. ఆ పిల్ల కొయ్యబొమ్మలా నిలబడి చేతులు మాత్రమే ఊపింది. మూడు బంతుల్లో ఒక్కటీ బ్యాటుకు తగల్లేదు. నా దగ్గరికి వచ్చి, "మీరు చెప్పినట్లే చేసిన గద సార్," అంది. "జర గట్టిగ కొట్టాలె గదా!" అని కసిరాను.

రెండేళ్ల తర్వాత ఒక శిక్షణ శిబిరంలో ముసలి కోచ్ మొదటిరోజే, "బలమంతా నడుములోనే ఉంది. ముందు అది తిరగాలి, చేతులు దాని వెంట రావాలి," అన్నాడు. నాకు సిగ్గుతో ఆ పూట అన్నం కూడా సయించలేదు.

మొన్న మార్కెట్లో ఆమె చేపలమ్ముతూ కనిపించింది. తప్పు నాదేనని చెప్పేశాను. పకపకా నవ్వింది.

"గది నాకు అప్పుడే ఎర్కనే సార్. వల ఇసిరెటోళ్లకు నడుం సంగతి తెల్వదా?"

"మరి అప్పుడే ఎందుకు చెప్పలె?"

"సార్ చెప్పినంక కాదంటరా?" అంటూ నేను కొన్న చేప కోయడంలో పడిపోయింది.

ఇప్పుడు కొత్త పిల్లలు వస్తే విజిల్ జేబులో పెట్టుకుని, ముందు పది బంతులు వాళ్ల ఇష్టానికి కొట్టనిస్తాను. చపాతీ కర్ర ఊపిన ఆ కుర్ర సారు గుర్తొస్తే నవ్వొస్తుంది. ఆ తువ్వాల గుర్తుకు రాగానే ఆ నవ్వు సగంలోనే ఆగిపోతుంది.