కొండ కొసన ఎర్రమట్టి

అడవి మట్టిని పరీక్షించి, కొండవాలు పొడవునా ఎక్కడ ఏ రకం ఉందో పటం గీయడం ఆమె ఉద్యోగం. వీధిలో అందరూ మట్టి డాక్టరమ్మ అనేవారు. భర్త దర్జీ. సాయంత్రం ఆమె చెప్పుల బురద చూసి, "ఇవాళ ఏ రోగిని చూసొచ్చావు?" అని ఆటపట్టించేవాడు.

ఆ ఏడాది ఆమె మోకాళ్ళు మొరాయించాయి. ఇక కొండలెక్కొద్దని వైద్యుడు ఖరాఖండిగా చెప్పేశాడు. అప్పటికి ఆ కొండ పని దాదాపు పూర్తయింది. కింద వాగు పక్కన, తడికి బూడిదరంగు తిరిగిన లోతైన మట్టి. నడుమ వాలులో, పైనుంచి జారిన రాళ్ళు కలిసిన గోధుమరంగు మట్టి. మిగిలిందల్లా కొండ కొసన కూలీలు తవ్వి ఉంచిన గొయ్యి.

"పైన ఏముంటుంది మేడమ్? పలచటి మట్టి, దాని కింద రాయి. అలాగే వేసేయండి," అన్నాడు పై అధికారి. ఆమెకూ అలాగే అనిపించింది. కానీ చూడకుండా గీయడానికి చెయ్యి రాలేదు. ఇంటికొచ్చి కంచంలో అన్నం కెలుకుతూ కూర్చుంది.

"నేను వెళ్తాలే," అన్నాడు దర్జీ.

"మట్టి గురించి మీకేం తెలుసండీ?"

"తెలీదు. కనపడింది కనపడినట్టు ఫోన్లో చెప్తాను."

మర్నాడు దుకాణం తెరవలేదు. ఆమె కొండ కింద జీపులో కూర్చుంటే, అతను ఆయాసపడుతూ ఎక్కి, గోతిలో దిగి ఫోన్ చేశాడు.

"పైన ఆకుల చెత్త. దాని కింద నల్లటి పట్టీ, బెత్తెడుంటుంది. తర్వాతంతా ఇటుక రంగే."

"రాయి ఎక్కడ తగిలింది?"

"తగల్లేదే. నా నడుం దాకా ఎరుపే."

"మీరు దారి తప్పి ఇంకెక్కడో దిగినట్టున్నారు."

"ఇన్నేళ్ళుగా నీ బట్టలు కుట్టినవాణ్ణి. నేను కొలత తప్పుతానా?"

ఆమెకు నవ్వొచ్చింది. "సరే, చుట్టూ నేల ఎలా ఉంది?"

"బల్లపరుపుగా. గుడ్డ పరిచి కత్తిరించుకోవచ్చు."

ఆమె నిటారుగా కూర్చుంది. "అదీ సంగతి! చదునైన చోట వాన మట్టిని కోసుకుపోలేదు. అక్కడే ఉండి ఉండి రాయి మెత్తబడి, ఎర్రబడి, లోతుగా మట్టైపోయింది. నేను తప్పు గీయబోయానండీ!"

అతను జేబురుమాలులో ఒక పెళ్ళ కట్టి తెచ్చాడు. ఆమె నీళ్ళు చిలకరించి వేళ్ళమధ్య నలిపితే తెగకుండా దారంలా సాగింది; రాయి పూర్తిగా మెత్తబడితేనే మట్టికి అంత బంక. మురిసిపోతూ తలెత్తేసరికి అతను బూట్లు విప్పుకుంటున్నాడు. మడమలు రెండూ బొబ్బలెక్కి ఉన్నాయి.

"కొత్త బూట్లేసుకుని కొండెక్కుతారా ఎవరైనా?"

"నీ ఆఫీసు పని కదా, కాస్త మర్యాదగా ఉంటుందనీ..."

ఆమె కళ్ళు చెమర్చాయి. తిడుతూనే అతని పాదాలు ఒళ్ళో పెట్టుకుని తడిగుడ్డతో తుడిచింది.

పటం అచ్చయి వచ్చాక దర్జీ ఒకటి అడిగి తీసుకుని దుకాణంలో అతికించాడు. ఎవరడిగినా "మా ఆవిడ గీసింది" అనేవాడంతే. ఆ కొసన ఎర్రమట్టిని చూసిందెవరో ఆమే చెప్పేది, పనిగట్టుకుని, ప్రతివాళ్ళకీ.