ఇది యాడ పెడ్తరు మేడం?

రఘునందన్‌కి ఒక జబ్బు ఉంది. చేతికి ఏది దొరికినా ఎదుటి మనిషికి చూపించి, "ఇది యాడ పెడ్తరు?" అని అడుగుతాడు. గొడుగైనా అంతే, గోంగూర కట్టైనా అంతే. జవాబు చెప్పేదాకా కదలడు. పోనీ కదా అని చెప్పామా, ఇంకొకటి చూపిస్తాడు.

ఆ జబ్బే అతని ఉద్యోగమని నాకు తర్వాత తెలిసింది. కంప్యూటర్ తెర మీద ఏది ఎక్కడ కనిపించాలో, దేని పక్కన ఏది ఉండాలో తేల్చడం అతని పని. దానికి ముందు, ఆ తెర వాడబోయే మనుషులు తమ బుర్రల్లో ఏది ఎక్కడ సర్దుకున్నారో కనుక్కోవాలట. అందుకని జేబులో ఎప్పుడూ రబ్బరుబ్యాండు వేసిన అట్టముక్కల కట్ట. ఒక్కో ముక్క మీద ఒక్కో మాట. పాత రైల్వే స్టేషన్, పోస్ట్‌మన్ సంచి, వాన, ఆసుపత్రి వరండా. వాటిని బల్ల మీద పరిచి, "ఒక్కతీరువి ఒక్కకాడ పెట్టుండ్రి" అంటాడు. ఉద్యోగమైతే ఆఫీసు వేళల్లో చేసుకోవాలి కదా! లిఫ్టులో అడుగుతాడు, టీ కొట్టు దగ్గర అడుగుతాడు. ఒకసారి సూది వెయ్యడానికి వచ్చిన నర్సుని అడిగాడట. ఆవిడ ఎక్కడ పెట్టాలో అక్కడే పెట్టింది.

నా సంగతీ చెప్పాలి. నా పేరు నాగేశ్వరి, మాది తణుకు. ఫిల్మ్‌నగర్‌లో చలపతిరావు గారి సినిమా కంపెనీలో ఇరవై ఆరేళ్ళుగా రీసెర్చ్ సెక్షన్ అంటే నేనే. సెక్షన్ అంటే మేడ మీద ఒక గది, ఆరు ఇనుప బీరువాలు, రెండు వందల పైచిలుకు అట్టపెట్టెలు. డెబ్భైల్లో రైసుమిల్లు ఎలా ఉండేది, అప్పటి కాలేజీ పిల్లలు పుస్తకాలు ఎలా పట్టుకునేవాళ్ళు అని దర్శకులు అడిగితే ఫోటోలూ పేపరు కత్తిరింపులూ తీసి ఇస్తాను. ఇస్తాను అనకూడదేమో, ఇచ్చేదాన్ని. ఇప్పటి డైరెక్టర్లు ఫోన్లోనే వెతుక్కుంటున్నారు, మెట్లెక్కి వచ్చేది ఏ ఒకరో ఇద్దరో. ఊడవడానికి మల్లమ్మ వచ్చినప్పుడు నాలుగు మాటలు. మధురానగర్‌లో నేనుండే పోర్షన్లో ఆ నాలుగూ లేవు. మావారు పోయి తొమ్మిదేళ్ళు. ఆదివారాలు టీవీలో వంట చేసే అమ్మాయితో తగువు పెట్టుకుంటూ ఉంటాను.

ఉగాది వెళ్ళాక చలపతిరావు గారు కబురు చేశారు.

"నాగేశ్వరి గారూ, మీ పెట్టెలన్నీ కంప్యూటర్లోకి ఎక్కించేస్తున్నామండీ. ఆషాఢం వచ్చేసరికి అయిపోతుంది. ఆ తర్వాత మీరు హాయిగా ఇంట్లో ఉండొచ్చు."

మా ఇంట్లో హాయి ఎలా ఉంటుందో ఆయనకేం తెలుసు?

మర్నాడు పొద్దున్నే రఘునందన్ మెట్లెక్కి వచ్చాడు. నలభై ఏళ్ళుంటాయి, చొక్కా గుండీలు ఒకటి తప్పించి ఒకటి పెట్టుకున్నాడు. నమస్కారం పెట్టి, నా బల్ల మీది ఫోటో ఒకటి తీసి చూపించాడు.

"ఇది యాడ పెడ్తరు మేడం?"

ఒళ్ళు మండిపోయింది. నా కుర్చీ లాగెయ్యడానికి వచ్చిన మనిషి, లాగడం ఎలాగో నన్నే అడుగుతున్నాడు! ఉండు, నీ తిక్క కుదురుస్తాను అనుకున్నాను. అది ఆసుపత్రి వరండా ఫోటో.

"పెళ్ళి పందిరిలో" అన్నాను.

శ్రద్ధగా రాసుకున్నాడు. వాన ఫోటో చూపించాడు. "వంటిల్లు" అన్నాను. అదీ రాసుకున్నాడు. "మస్తు చెప్తుండ్రు మేడం" అని మెచ్చుకున్నాడు కూడా. ఇంత అమాయకుడేంటమ్మా అని లోపల నవ్వుకున్నాను. అలా చెప్పుకుంటూ పోతే అతని కంప్యూటర్ ఎందుకూ పనికిరాకుండా పోతుంది, నా గది నాకు ఉంటుంది. అదీ నా ఎత్తు.

అసలు నా పెట్టెల లెక్క వేరు. అంతకుముందు ఏడాది ఎవరో చేసిచ్చిన తెరలో పాత రైల్వే స్టేషన్ 'రవాణా' అన్న గడిలో ఉండేది. మావాళ్ళు ఒక్కరు కూడా దాన్ని తెరవలేదు. సినిమావాళ్ళకి రైల్వే స్టేషన్ రవాణా ఎందుకవుతుందండీ? అక్కడ ఇద్దరు విడిపోతారు. అందుకే నా పెట్టెల మీద 'వీడ్కోలు' అని ఉంటుంది, 'అలక' అని ఉంటుంది, 'హీరో ఊళ్ళోకి రావడం' అని ఉంటుంది. ఆసుపత్రి వరండా 'మాట పడిపోయినప్పుడు' అన్న పెట్టెలో ఉంటుంది. ఈ ముక్క నేను అతనికి చచ్చినా చెప్పదలుచుకోలేదు.

అతను నన్నొక్కదాన్నే అడిగి ఊరుకుంటే బాగుండేది. గేటు దగ్గర వాచ్‌మన్ భిక్షం ముందు కూడా ముక్కలు పరిచాడు. భిక్షం వాన ముక్కని తీసి 'సెలవు' అని పక్కన పెట్టాడు.

"వానొస్తే అవుట్‌డోర్ షూటింగ్ బంద్ సార్. బండ్లు రావు. గేటు తెరిచే పని లేదు."

"కరెక్టే భిక్షమన్నా!" అని రఘునందన్ అక్కడే నిలబడి అరగంట రాసుకున్నాడు.

మల్లమ్మ అయితే యాభై ముక్కల్నీ రెండే కుప్పలు చేసింది. దుమ్ము పట్టేవి, పట్టనివి. "గిట్ల నన్ను అడిగినోళ్లే లేరమ్మా" అని వారం రోజులు చెప్పుకుంది. ఊడవడం మానేసి అతని కోసం మెట్ల మీద కూర్చునేది. నా గదిలో దుమ్ము పేరుకుపోయింది.

అన్నిటికన్నా ఘోరం పెళ్ళిచూపులు. అతనే చెప్పాడు నాకు, సిగ్గు లేకుండా.

"వెంగళరావు నగర్‌ల మేడం, నాలుగేండ్ల కింద. పిల్ల పేరు రష్మి, టీచర్. మాట్లాడుకోమని రూములకు పంపిండ్రు. ఏం మాట్లాడాల్నో నాకు తెల్వలే."

"ముక్కలు తీశారా ఏంటి కొంపదీసి?"

"పన్నెండే మేడం! ఉద్యోగం, వంట, సినిమా, అత్తమ్మ, గట్ల. ఒక దాని మీద నా పేరు రాసిన."

"అమ్మాయి ఏం చేసింది?"

"మూడు కుప్పలు జేసింది. 'ఇప్పుడే', 'ఎన్నడొద్దు', 'తర్వాత చూద్దాం'. నా పేరు మూడో దాంట్ల పెట్టింది."

"తర్వాత చూసిందా మరి?"

"ఇంకా లే." అంతలోనే మొహం వెలిగించుకున్నాడు. "కానీ మస్తు మంచి గడి మేడం అది. నా తెరల్ల లేకుండె. అప్పటిసంది అన్నిట్ల పెడుతున్న."

నిజమే, మాకు మహా పనికొచ్చే గడి. ఫిల్మ్‌నగర్‌లో సగం జనం అందులోనే కాపురం ఉంటున్నారు. నేను పడీపడీ నవ్వాను. ఆ గదిలో నా నవ్వు నాకే కొత్తగా వినిపించింది. ఎన్నాళ్ళయిందో.

రోజులు గడిచాయి. అతను పదింటికల్లా రావడం, నేను తప్పులు చెప్పడం, అతను రాసుకోవడం. మధ్యలో ఎవరికైనా ఫోటో అవసరమైతే నేను లేచి పెట్టె తీసి ఇచ్చి మళ్ళీ కూర్చోవడం. అతను క్యారేజీ తెచ్చుకోడని కనిపెట్టి రెండు చపాతీలు ఎక్కువ పట్టుకెళ్ళడం మొదలుపెట్టాను. తిట్టడం కూడా మొదలుపెట్టాను.

"ఆ గుండీలు సరిగ్గా పెట్టుకోలేరూ? తెరలు సర్దే మనిషికి చొక్కా సర్దుకోవడం రాదా?"

"వస్తది మేడం" అని సంతోషంగా తలూపేవాడు. మర్నాడు మళ్ళీ తప్పుగానే పెట్టుకొచ్చేవాడు.

ఆషాఢం దగ్గరపడింది. ఇతని పని నేను చెడగొట్టాను. రేపు అందరి ముందూ తెర తెరిస్తే వంటింట్లో వానా పెళ్ళి పందిట్లో ఆసుపత్రీ కనిపిస్తాయి. నవ్వుతారు. పాపం, ఇతని పని పోతుంది. పోకపోతే నా గది పోతుంది. ఏది పోవాలని దేవుడికి దణ్ణం పెట్టుకోవాలో కూడా తెలియలేదు. తెర చూపించడానికి ముందురోజు నీళ్ళు నములుతూ అన్నాను.

"రఘునందన్ గారూ, నేను చెప్పినవాటిలో కొన్ని... పొరపాట్లు ఉన్నాయేమో."

"ఫికర్ జెయ్యకుండ్రి మేడం" అని చపాతీ తింటూ కూర్చున్నాడు.

మర్నాడు కింద హాల్లో పెద్ద తెర కట్టారు. చలపతిరావు గారు ముందు వరసలో కూర్చున్నారు. కొత్త సినిమా తీయబోయే దర్శకుడు సిద్ధార్థ ఆయన పక్కనే. నేను గోడకి ఆనుకుని నిలబడ్డాను.

"నాకొక చోటు కావాలండీ" అన్నాడు సిద్ధార్థ. "కూతురు ఇల్లు వదిలి వెళ్ళిపోయిందని తెలుస్తుంది. ఆ తండ్రి వెళ్ళి ఒక్కడూ కూర్చునే చోటు."

రఘునందన్ తెర మీద ఒక గడి మీద వేలు పెట్టాడు. 'మాట పడిపోయినప్పుడు'. మూసేసిన రైసుమిల్లు అరుగు, మంగలి షాపు బెంచీ, జనం లేని బస్టాండు, ఆసుపత్రి వరండా. ఒకదాని పక్కన ఒకటి వచ్చి నిలబడ్డాయి. నా పెట్టె! నా పెట్టెలో నేను పెట్టిన వరసలోనే. 'వీడ్కోలు' ఉంది, 'అలక' ఉంది. నేను చెప్పిన తప్పు ఒక్కటి లేదు.

"ఇదే! ఈ మిల్లే!" అని సిద్ధార్థ లేచి నిలబడ్డాడు.

చలపతిరావు గారు కళ్ళజోడు సర్దుకున్నారు. "బాగుందయ్యా. ఆ అడుగున 'ఇంకా సర్దనివి' అని ఉంది, అదేంటి?"

"కొత్త ఫోటోలు సార్. రోజు వస్తనే ఉంటయి. ఒకరు చూసి, ఇది యాడ ఉండాల్నో చెప్తెనే పైకి పోతయి."

"అదేదో కంప్యూటరే చెప్పుకోదా?"

"చెప్తది సార్. బస్టాండును బస్టాండు అంటది. మాట పడిపోయినోడు కూసునే జాగ అని అనదు."

"మనిషి లేకపోతే ఇది తెరుచుకోదా అయితే?"

"తెరుచుకుంటది సార్. నిండదు. ఏడాదికి పాతబడిపోతది."

"మరెవరు చెప్తారు?"

రఘునందన్ నా వైపు చూడనైనా చూడలేదు. "ఆఫీసుల అందర్నీ అడిగి చూసిన సార్. తలా ఒక తీరు చెప్పిండ్రు. మేడం చెయ్యి మటుకు మూడు నెలల్ల ఒక్కపారి గూడ తప్పు పెట్టె మీదికి పోలే."

చలపతిరావు గారు వెనక్కి తిరిగారు. "అయితే మీకు విశ్రాంతి లేనట్టేనండీ నాగేశ్వరి గారూ."

"పర్లేదు సార్" అన్నాను.

అందరూ వెళ్ళాక అతన్ని మెట్ల దగ్గర పట్టుకున్నాను.

"నేను కావాలనే తప్పులు చెప్పాను."

"ఎర్కే మేడం. ఆసుపత్రిని తీస్కపొయ్యి పెండ్లి పందిట్ల ఎవలన్న పెడ్తరా? మీరు నోటితోటి ఏం చెప్పినా, లేసి పెట్టె తీసేటప్పుడు నేను జూసుకున్న."

"ఎప్పుడు తెలిసింది?"

"రెండో దినమే. పదిహేను రోజులల్ల పని ఖతం అయింది."

"మరి మూడు నెలలు నా ప్రాణం ఎందుకు తీశారయ్యా?"

అతను రెయిలింగు గోకుతూ అన్నాడు.

"మొదటి దినం మీరు ముక్తసరిగ మాట్లాడిండ్రు మేడం. నెల తిరిగేసరికి కడుపునిండ తిడుతుండిరి. మంచిగనిపిచ్చింది. మా యూసుఫ్‌గూడ రూముల తిట్టేటోళ్లు గూడ లేరు."

నాకు ఏడుపొచ్చేదే, కానీ కోపం ముందొచ్చింది. "ఆ మాట ముందే చెప్పొచ్చుగా! ఈ ఆదివారం మధురానగర్ రండి. భోజనం మా ఇంట్లో."

అనేశాక భయం వేసింది. ఇద్దరికి వండి ఎన్నేళ్ళయిందో. ఒంటిగంటకి రమ్మంటే పదిన్నరకే వచ్చి తలుపు కొట్టాడు. నేనింకా కూర కూడా మొదలుపెట్టలేదు. చేసేది లేక ఉల్లిపాయలు చేతిలో పెట్టాను. బొటనవేలంత లావు ముక్కలు తరిగాడు. సాయంత్రం ఐదు దాకా ఉన్నాడు, నేను కడుపునిండా తిట్టాను.