కార్వానీ కుక్కకు ఫిట్‌నెస్ సర్టిఫికెట్

1983 జూన్‌లో వెటర్నరీ అసిస్టెంట్ సర్జన్‌గా నా మొదటి పోస్టింగు కరీంనగర్ జిల్లాలో, పెద్దపల్లికి బస్సులో గంట దూరంలో ఉన్న ఒక చిన్న పట్టణంలో పడింది. అప్పటికి నాకు ఇరవై నాలుగేళ్లు. కాలేజీ నుంచి వెంట తెచ్చుకున్నవి మూడు: స్టెతస్కోపు, థర్మామీటరు, నేనే తయారుచేసుకున్న పరీక్ష ఫారాల కట్ట. ఏ జంతువు వచ్చినా ఎనిమిది అంశాలు వరుసగా చూసి, ఒక్కోదాని ఎదురుగా గుర్తు పెట్టేవాణ్ణి. ఎనిమిదిలో ఒక్కటి తప్పినా సర్టిఫికెట్ రాసేవాణ్ణి కాదు. ఆ పట్టుదల వల్ల ఒక ఆరోగ్యమైన కుక్క చావు అంచు దాకా పోయింది.

ఆసుపత్రి పనికి తోడు మున్సిపాలిటీ బందెలదొడ్డి తనిఖీ నా అదనపు బాధ్యత. చేలల్లో పడి మేసిన పశువులను తెచ్చి కట్టేసే చోటు అది. ఒక పక్కన రేకుల కప్పు కింద కుక్కల కోసం నాలుగు ఇనుప గదులు ఉండేవి. పట్టుకొచ్చిన కుక్కను మూడు రోజులు ఉంచాలి. ఎవరూ రాకపోతే మందు పెట్టి చంపాలి. చికిత్స అవసరమని పశువైద్యుడు రాసిస్తే ఒక వారం, కమిషనర్ సంతకం చేస్తే ఇంకో వారం గడువు దొరుకుతుంది. అంతకు మించి లేదు. పదిహేడో రోజు సాయంత్రం ఐదు గంటలకల్లా కుక్క ఎవరి ఇంటికైనా చేరాలి, లేదా మందు తినాలి. జబ్బుకుక్కను ఎవరికీ ఇవ్వకూడదు కాబట్టి బయటికి పోవాలంటే నా ఫిట్‌నెస్ సర్టిఫికెట్ తప్పనిసరి.

జాతికుక్కలకు ఇంకో దారి ఉండేది. ఒక్కో జాతి మీద ఇష్టం ఉన్నవాళ్లు నలుగురైదుగురు కలిసి, బోర్డూ రిజిస్ట్రేషనూ ఏమీ లేకుండా, తమ జాతి కుక్క ఏ దొడ్డిలో పడినా తీసుకుపోయి దానికి ఇల్లు వెతికేవారు. ఆల్సేషన్ దొరికితే హైదరాబాద్‌లో ఒక రిటైర్డ్ పోలీసు అధికారికి రాయాలి. కార్వానీ దొరికితే ఆదిలాబాద్‌లో వామన్‌రావుకు రాయాలి. కార్వానీ అంటే సన్నటి మూతి, పొడుగు కాళ్లు, లోపలికి పోయిన కడుపు ఉన్న వేటకుక్క. మహారాష్ట్ర వైపు నుంచి వచ్చిన జాతి. వేట మీద నిషేధం వచ్చాక దొరల ఇళ్లలో దానికి పని లేకుండా పోయింది. పిల్లలేమో పామేరియన్ కావాలనేవారు. కార్వానీలు రోడ్డున పడ్డాయి.

వామన్‌రావు రిటైరైన డ్రిల్ మాస్టారు. రెండు జిల్లాల పశువైద్యశాలలకూ అచ్చు వేయించిన పోస్టుకార్డులు ముందే పంపి ఉంచాడు. రంగు, వయసు, మగదా ఆడదా అన్న ఖాళీలు నింపి డబ్బాలో వేస్తే చాలు, బస్సెక్కి వచ్చేవాడు. కుక్కను మూడు వారాలు తన దగ్గర పెట్టుకుని గుణం చూసేవాడు. అడిగినవాళ్ల ఇల్లు కూడా స్వయంగా వెళ్లి చూశాకే ఇచ్చేవాడు.

ఊరకుక్కలను వదిలేసి జాతికుక్కలనే పట్టుకుపోవడం నాకు న్యాయంగా తోచలేదు. ఆ మాటే దొడ్డి కాపలాదారు రాజమల్లుతో అన్నాను. అతను గదులు కడుగుతూ తల ఎత్తకుండా చెప్పాడు.

"గది ఖాళీ ఉంటెనే గద సార్ మీరు వారం గడువు రాసేది. వాళ్లొకదాన్ని కొంచవోతె అండ్ల ఇంకో గజ్జికుక్క బతుకుతది."

లెక్క సరిగ్గానే ఉంది. ఆ తర్వాత ఆ ప్రశ్న మళ్లీ అడగలేదు.

1984 మార్చి మొదటి వారంలో బస్టాండు దగ్గర గోధుమరంగు ఆడ కార్వానీ ఒకటి దొరికింది. నేను ఫారం తీశాను. ఉష్ణోగ్రత, కళ్లు, చిగుళ్లు, చర్మం అన్నీ బాగున్నాయి. ఐదో అంశం శరీర పుష్టి. పక్కటెముకలు బయటికి కనిపించకూడదు. ఈ కుక్కకు నాలుగు కనిపిస్తున్నాయి. వెన్నెముక మీద ముడులు వేలితో లెక్కపెట్టవచ్చు. 'తీవ్రమైన కృశత్వం, ప్రయాణానికి పనికిరాదు' అని రాసి సంతకం చేశాను. వామన్‌రావు కార్డులో ఖాళీలు నింపి, కింద ఒక వాక్యం చేర్చాను: కుక్క కోలుకున్నాక తెలియజేస్తాను, అంతవరకు రావద్దు. ఆయన డాక్టరు మాట మీద గౌరవంతో రాలేదు.

పొద్దున పాలు, రెండు గుడ్లు, మధ్యాహ్నం అన్నం, సాయంత్రం బొక్కల రసంలో రొట్టె అని ఆహారం రాసిచ్చాను. వండి పెట్టేది రాజమల్లు భార్య లచ్చవ్వ. ఆమె కుక్కకు బక్కవ్వ అని పేరు పెట్టింది. వారం గడిచాక కూడా ఎముకలు కనిపిస్తూనే ఉన్నాయి. నులిపురుగులేమోనని మల పరీక్ష చేశాను, పురుగుల గుడ్లు లేవు. కమిషనర్ దగ్గర రెండో వారం గడువు తీసుకుని తిండి ఇంకా పెంచాను. లచ్చవ్వకు విసుగొచ్చింది.

"దాని ఒళ్లే గంత, సారూ. మా ఆడిబిడ్డ గూడ గిట్లనే. కుండెడు బువ్వ తిన్నా పుల్ల లెక్కనే ఉంటది. గామెను గూడ దవాఖానల పండవెడ్తరా?"

"ఊకో," అన్నాడు రాజమల్లు. "సారు సదువుకున్నడు."

"సదువుకుంటె ఏమాయె. కుక్క ముంగట బుక్కు తెరిస్తె బుక్కు బలుస్తదా, కుక్క బలుస్తదా?"

ఫారంలో ఆడిబిడ్డకు గడి లేదు.

పదిహేనో రోజుకు నాలుగు పక్కటెముకలు రెండయ్యాయి. రెండు కూడా కనిపించకూడదు కాబట్టి సర్టిఫికెట్ రాయలేదు. శుక్రవారం మున్సిపల్ ఆఫీసు నుంచి మందు పొట్లం వచ్చింది. రాజమల్లు దాన్ని గూట్లో పెట్టాడు. లచ్చవ్వ నాతో మాట్లాడటం మానేసింది. అంతకుముందు రోజే వామన్‌రావుకు టెలిగ్రాం ఇచ్చాను: కుక్క కోలుకోలేదు, శనివారం ఐదింటితో గడువు ఆఖరు.

శనివారం పదకొండు గంటలకు వామన్‌రావు వచ్చాడు. తెల్ల నిక్కరు, కాన్వాసు బూట్లు, మెడలో ఇంకా డ్రిల్ విజిల్. గది ముందు కూర్చుని కుక్క నడుము మీద చెయ్యి వేశాడు.

"డాక్టర్ సాబ్, ఇది బక్కగున్నదని మీకు ఎవలు జెప్పిన్రు?"

ఫారం చూపించాను. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని చదివాడు.

"బగా, ఇటు చూడున్రి. కార్వానీకి మూడు పక్కటెముకలు కనబడాలె. నడుమెముక మీద మూడు ముడులు చేతికి తగలాలె. గిప్పుడు ఒక్కటి గూడ తగుల్తలేదు. మీరు దీన్ని బర్రె లెక్క మేపిన్రు. ఇది జబ్బుది కాదు, లావుది."

లచ్చవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడ వైపు తిరిగింది.

నాకు చెవులు వేడెక్కాయి. అయినా ఒకరి మాట మీద సర్టిఫికెట్ రాయడం కుదరదని చెప్పాను. ప్రొబేషన్‌లో ఉన్నవాణ్ణి. రేపు కుక్క ఆదిలాబాద్ బస్సులో చచ్చిపోతే జవాబు చెప్పుకోవాల్సింది నేనే.

"నా మాట మీద ఎందుకు రాస్తరు," అన్నాడు వామన్‌రావు. "ఉరికించి చూడున్రి. పస్తులున్న కుక్క ఉరుకదు."

ఇది పద్ధతి ప్రకారం చేయదగ్గ పని. గుండె బాగున్న జంతువుకు పరుగు తర్వాత నాడి త్వరగా మామూలు స్థాయికి దిగుతుంది. నీరసించినదానికి దిగదు. వడ్లు ఇంకా రాని రోజులు కావడంతో మార్కెట్ యార్డు ఖాళీగా ఉంది, చుట్టూ గోడ ఉంది. తొడ లోపలి వైపు వేళ్లు పెట్టి నాడి లెక్కపెట్టాను: నిమిషానికి తొంభై రెండు. రాజమల్లు సైకిలు వెనక తాడుతో గోనెపట్టా కట్టాం. వామన్‌రావు విజిల్ ఊదాడు.

రాజమల్లు సీటు మీద నుంచి లేచి మరీ తొక్కాడు. కుక్క కొంతసేపు పట్టా వెంట ఉరికింది. తర్వాత దానికి అది కుందేలు కాదని తెలిసిపోయినట్టుంది, పట్టాను వదిలి సైకిలును దాటి ముందుకు పోయింది. యార్డు చివర ఆగి, ఇంకా రాలేదేమని రాజమల్లు వైపు చూసింది. అరుగు మీద కూర్చున్న హమాలీలు పొట్ట పట్టుకుని నవ్వారు.

"మల్లన్నా, నీకే గుడ్లు పెట్టాలెరా," అన్నాడు ఒకడు.

"నవ్వున్రి, నవ్వున్రి. మీరొచ్చి తొక్కున్రి," అన్నాడు రాజమల్లు రొప్పుతూ.

రెండో చుట్టు అయ్యాక నాడి నూట డెబ్బై. గడియారం చూస్తూ కూర్చున్నాను. ఆరో నిమిషానికి తొంభై ఆరు. అదే ఫారం వెనక ఈ మూడు అంకెలూ రాసి, ముందు వైపు 'తీవ్రమైన కృశత్వం' అన్న మాటలు కొట్టేసి, పక్కన సంతకం పెట్టాను.

పని అంతటితో అయిపోలేదు. పదిహేడు రోజుల చికిత్స ఫైల్లో ఉంది. జబ్బు లేదని ఇప్పుడు రాస్తే మొదటి నివేదిక ఏమిటని అడుగుతారు. కుక్క కోలుకుందనీ, చికిత్స ఫలించిందనీ రాయవచ్చు, ఎవరూ కాదనరు. కానీ అలా రాస్తే రేపు ఇంకో కార్వానీ వస్తే మళ్లీ ఇదే చికిత్స జరుగుతుంది. 'ఈ జాతి సహజ శరీర నిర్మాణం తెలియక పొరపాటుగా నిర్ధారించాను' అని రాసి నాలుగు గంటలకు కమిషనర్ ముందు పెట్టాను. ఆయన రెండుసార్లు చదివాడు.

"పదిహేడు దినాలు మందిచ్చి, ఇగ రోగమే లేదంటున్నరు," అన్నాడు. "మీ దవాఖాన దిక్కు బాగున్నోళ్లు రావాలంటె జర భయపడాలె." సంతకం చేసి, కాగితం ఫైల్లో పెట్టించాడు. నా మీద ఏ చర్యా రాలేదు.

దొడ్డికి తిరిగొచ్చేసరికి ఐదుకు ఇరవై నిమిషాలుంది. లచ్చవ్వ కుక్క గొలుసు పట్టుకుని నిలబడి ఉంది. కుక్కను తమకే ఇమ్మని వామన్‌రావును అడుగుతోంది.

"కోళ్లున్నయా?" అన్నాడాయన.

"ఎనిమిదున్నయి."

"రేపటికి ఉండయి. వేటకుక్క తల్లీ, ఇది. దీని తప్పు గాదు, కోళ్ల తప్పు గాదు."

లచ్చవ్వ ఆలోచించింది. కోళ్లకూ కుక్కకూ మధ్య ఎటు తేల్చుకుందో తెలియదు గానీ గొలుసు ఆయన చేతికిచ్చింది. హామీపత్రం మీద వామన్‌రావు సంతకం తీసుకుని, మందు పొట్లాన్ని ఆఫీసుకు వాపసు పంపాం.

మూడు వారాల తర్వాత ఆయన దగ్గర నుంచి ఉత్తరం వచ్చింది. హుస్నాబాద్ వైపు పెద్ద రైతు ఒకాయన కాపలాకు అడిగితే ఇవ్వలేదట. కార్వానీ కొత్తవాళ్లను చూసి మొరగదు, దొంగ వచ్చినా తోక ఊపుతుంది. మెట్‌పల్లిలో పసుపు ఆరబెట్టే పెద్ద ప్రహరీ కళ్లం ఉన్న ఒక కుటుంబానికి ఇచ్చాడు. ఇంట్లో కోళ్లు లేవు. పొద్దున గంటసేపు పరుగు, మిగతా రోజంతా నిద్ర. బరువు రెండు కిలోలు తగ్గించామని కింద గీత గీసి మరీ రాశాడు.

ఆ సంఘటన తర్వాత నా పద్ధతిలో రెండు మార్పులు చేశాను. ఒకటి, పుష్టి చూసే ముందు ఆ జాతి ఆరోగ్యంగా ఉంటే ఎలా ఉంటుందో కనుక్కుని రాసుకునేవాణ్ణి. రెండోది అంతకంటే ముఖ్యమైనది. జాతి తెలిసినవాళ్లను కుక్క బాగుపడ్డాక కాదు, దొడ్డిలోకి వచ్చిన రోజే పిలిచేవాణ్ణి. కుక్కను తీసుకుపోవడం వాళ్ల పనిలో సగం మాత్రమే. కుక్కకు జబ్బుందో లేదో చెప్పడం మిగతా సగం. ముప్పై ఏళ్ల సర్వీసులో నా దగ్గరికి వచ్చిన ప్రతి జూనియర్‌తోనూ ఈ మాటే చెప్పాను: ముందు కార్డు డబ్బాలో వేసి రా, తర్వాత స్టెతస్కోపు తియ్యి.