బాపు కనుబొమ్మల తెలుపు

ఇవాళ ఎర్ర పెన్ను మూత తీయగానే ఆ సిరా వాసన నన్ను ఏడో తరగతికి లాక్కెళ్లింది. మేళ్లచెరువు దోస్తులూ, గుర్తుందా? ఇంగ్లిష్ వ్యాసంలో పోలికలు, ఆశ్చర్యార్థకాలు ఉంటేనే మార్కులని అట్టేసిన గైడు చూసి సార్ చెప్పేవారు. తెల్లగా ఉన్నదేదైనా మంచుకొండలాగే ఉండాలి!

నేనేమో సిమెంటు ఫ్యాక్టరీ నుంచి వచ్చిన మా బాపు కనుబొమ్మలు సున్నపురాయి దుమ్మంత తెల్లగా ఉన్నాయని రాసి, చివర ఆశ్చర్యార్థకం పెట్టాను. సార్ అడ్డంగా కొట్టేశారు.

"గైడ్ల ఉన్నదే రాయాలె. సొంతం రాస్తే మార్కులు పోతయ్."

ఇంటికొచ్చి ఆ పేజీ చూపించేసరికి బాపు ఇంకా ముఖం కూడా కడుక్కోలేదు.

"మంచుకొండను ఎన్నడన్న సూసినవా బిడ్డా?"

"లేదు బాపు."

"మరి నన్ను రోజూ సూస్తవు గద!"

ఇప్పుడు చౌటుప్పల్‌లో నేనే ఇంగ్లిష్ టీచర్‌ని. నా ముందు దిద్దాల్సిన నలభై పేపర్లున్నాయి. నలభైలోనూ అదే మంచుకొండ, చివర అదే ఆశ్చర్యార్థకం. ఒళ్లు మండిపోయింది. కానీ ఎవరినని తిట్టను? బోర్డు మీద రాసిచ్చింది నేనే. ఎర్ర పెన్ను పట్టుకుని, ఒక్కరైనా సొంతంగా రాశారేమోనని మళ్లీ మొదటి నుంచి వెతికాను. కొట్టేయడానికి ఒక్క వాక్యం కూడా దొరకలేదు.